మరదలి వేలు, తమ్ముడి పేరు

మా తమ్ముడు పెద్దాస్పత్రిలో లిఫ్టు నడిపేవాడు. ఇనుప పెట్టెలో స్టూలేసుకుని కూర్చుని బటన్లు నొక్కడం, అంతే ఉద్యోగం. వాడి కబుర్లు వింటే మాత్రం ఆస్పత్రి మొత్తాన్నీ వాడే భుజాన మోస్తున్నాడనుకోవాలి. నొప్పులు పడే మనిషిని తెస్తే ఎంత పెద్ద డాక్టరునైనా సరే దిగమని చెప్పి, ఎక్కడా ఆపకుండా పురుళ్ళ వార్డుకి తీసుకెళ్ళేవాడు. శవం వస్తే నోరు మూసుకుని గోడవైపు తిరిగేవాడు. ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి సర్జన్ల దాకా అందరికీ వాడు లిఫ్టు బాబాయే. రిటైరయిన రోజు మెడలో దండ వేసి పంపితే, అది ఎండి పొడిపొడి అయ్యేదాకా మేకుకి వేలాడదీసుకున్నాడు. పొగడ్తంటే వాడికి చిన్నప్పట్నుంచీ అంత యావ. ఎవరైనా ఒక్క మాటంటే చాలు, కంచం ముందునుంచి లేచిపోయే రకం.

నేను వాడికి అక్కని. మా ఆయన పోయాక వాళ్ళింట్లోనే వెనక గదిలో ఉంటున్నాను. మా మరదలు, అంటే వాడి పెళ్ళాం, నోట్లో నాలుక లేని మనిషి. మా అక్కకున్న నాలుక ఇద్దరికీ సరిపోతుందని వాడి వెటకారం. సరిపోతుంది మరి, కాదన్నదెవరు?

రిటైరయ్యాక వాడికి షుగర్ బయటపడింది. అప్పుడే ఆస్పత్రిలో కొత్త పద్ధతి పెట్టారు. అరచేతిలో పట్టే మెషిన్ ఒకటి ఇంటికిస్తారు. పొద్దున్నే వేలు గుచ్చి, చిన్న పట్టీ మీద రక్తపు చుక్క పెడితే నంబరొస్తుంది. మెషిన్ ఆ నంబరు ఫోన్‌కి చెబుతుంది, ఫోను ఆస్పత్రికి చెబుతుంది. అక్కడ కంప్యూటర్ గదిలో గోడంత తెర. రోజూ వచ్చే నంబర్లన్నీ గీతలుగా దాని మీద కనబడతాయి. ఒక నర్సమ్మాయి వాటిని చూస్తూ కూర్చుంటుంది. గీత పైకి పోతే ఫోన్ చేసి మందలిస్తుంది. ఇక్కడ తుమ్మితే అక్కడ నిండు నూరేళ్ళంటారన్నమాట.

మా వాడు వీధి చివర టీ కొట్టు దగ్గర చక్కెర టీ మానలేదు, బిస్కెట్లు మానలేదు. మానానని ఇంట్లో ఒట్లు మాత్రం పెట్టాడు. ఒట్టు మాటలు రక్తానికి తెలుస్తాయా? ఒకరోజు ఫోన్ మోగింది. వాడికి చెవులు కాస్త మందం, అందుకని స్పీకర్ పెట్టి మాట్లాడతాడు. కిటికీ బార్లా తీసి ఉంది.

"ఏం బాబాయ్, నీ లిఫ్టు పైకే పోతోంది? కిందికి దిగే బటన్ పాడైందా?" అంది నర్సమ్మాయి. వెనక నలుగురు పగలబడి నవ్వారు.

పాపం, ఆ పిల్ల చనువుకొద్దీ అంది. మా వాడి మొహంలో కత్తివేటుకి నెత్తురు లేదు. పక్కింటి ఇస్త్రీ ఆయన అంతా విన్నాడు. సాయంత్రం వీడు బయటికెళ్తే, "బాబాయ్, ఇప్పుడెన్నో అంతస్తులో ఉన్నావ్?" అన్నాడు. ఆ పూట వాడు అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున ఏం జరిగిందో మరదలు నాకు చాలా ఆలస్యంగా చెప్పింది. ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మీకు తక్కినదేదీ బోధపడదు. వాడు మెషిన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడట.

"ఏదీ, నీ వేలిలా ఇవ్వు."

"నాకెందుకండీ? నాకు షుగర్ లేదుగా."

"నా వేలు బటన్లు నొక్కీ నొక్కీ మొద్దుబారిపోయింది. గుచ్చితే చుక్క రావట్లేదు. ఒకే కుండలో వండింది తింటున్నాం, ఎవరి రక్తమైతే ఏంటి?"

మొగుడు చెప్పాడు కదాని ఆ పిచ్చి మాలోకం చెయ్యి చాపింది. ఆ రోజు నుంచి గుచ్చేది ఆమె వేలు, తెర మీద కనిపించేది వీడి పేరు.

నంబరు చక్కగా దిగింది. దిగదా మరి! నర్సమ్మాయి మురిసిపోయింది. షుగర్ ఉన్నవాళ్ళందర్నీ ఆస్పత్రిలో మీటింగుకి పిలిచి, వీడి గీతని తెర మీద పెద్దది చేసి చూపించారు. వీడు ఇస్త్రీ చొక్కా వేసుకుని లేచి నిలబడి, "నోరు కట్టుకుంటే అన్నీ సాధ్యమే" అని ఉపన్యాసమిచ్చాడు. నేనూ మరదలూ వెనక వరసలో ఉన్నాం. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది మా మరదలే.

కొన్ని నెలలు గడిచాయి. మరదలు చెంబులకి చెంబులు నీళ్ళు తాగేది. జాకెట్లు వదులైపోయాయి. కొత్త చెప్పు కరిచి కాలి బొటనవేలు పుండైతే, ఎంతకీ మానలేదు.

"ఆస్పత్రికి పోవే, చూపించుకో" అన్నాను.

"ఆయన్ని చూపించడానికే పొద్దు చాలట్లేదు వదినా. నాదేముంది, చెప్పు దెబ్బేగా" అంది.

అటు తెర మీద వీడి గీత మళ్ళీ పైకి లేచింది. నర్సమ్మాయి ఈసారి నవ్వలేదు. "బాబాయ్, నిజం చెప్పు, ఏం తింటున్నావ్?" అంది. వీడు మెషిన్ తప్పన్నాడు. వాళ్ళు మెషిన్ మార్చారు. కొత్తదీ అదే మాట చెప్పింది. ఎవరి రక్తమైనా ఒకటేనని మరదలు నమ్మింది, ఆ నంబరు తనది కాదని వాడొక్కడికే తెలుసు. పెళ్ళానికే షుగర్ వచ్చిందేమోనన్న ఆలోచన మాత్రం రాలేదు. "దానికేం రోగం అక్కా, రుబ్బురోలు లాంటి మనిషి అనుకున్నాను" అని తర్వాత నాతోనే అన్నాడు. రుబ్బురోలట! రోలు నీళ్ళు తాగుతుందా, చిక్కిపోతుందా?

నంబర్లు చూసి డాక్టరు మాత్రలు పెంచాడు. మళ్ళీ పెంచాడు. మరదలు అవి వేళకి అరచేతిలో పోసి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కనే నిలబడేది. వద్దంటే ఎందుకో చెప్పాలి. నిజం చెప్పడానికి నోరు రాక వాడు మాత్రలు మింగాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గర కబుర్లాడుతూ ఒళ్ళంతా చెమటలు పట్టి కుప్పకూలాడు. ఇస్త్రీ ఆయనే ఆటోలో వేశాడు. నేనూ మరదలూ చెరోపక్క పట్టుకుని కూర్చున్నాం. ఆస్పత్రిలో వేలు గుచ్చితే నంబరు నలభై కూడా లేదు. గబగబా గ్లూకోజు ఎక్కించారు. నర్సమ్మాయి కంప్యూటర్ గదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"పొద్దున మూడొందలు దాటింది సార్! నేనే చూశాను."

"ఏం చూస్తున్నారమ్మా మీ గదిలో?" అని కసిరాడు డాక్టరు. "మీ తెర మీద నంబర్లు చూసే కదా నేను డోసు పెంచింది! మనిషి చచ్చిపోయుంటే ఎవరు సమాధానం చెబుతారు?"

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. అప్పటికి మా వాడికి తెలివొచ్చింది. కళ్ళు తెరిచాడు, ఆ మాటలు విన్నాడు, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నేను నా కళ్ళతో చూశాను. ఏదో దాస్తున్నాడని తెలిసిపోయింది. తోడబుట్టినవాడే, అయినా ఆ క్షణాన తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

నోరు తెరిచింది మరదలు. "ఆ అమ్మాయిని తిట్టకండి బాబూ. మెషిన్ తప్పూ లేదు. పొద్దున గుచ్చింది నా వేలు."

చెయ్యి చాపి చూపించింది. వేళ్ళ చివర్లన్నీ జల్లెడలా ఉన్నాయి.

"రోజూనా?" అన్నాడు డాక్టరు.

"రోజూనే బాబూ. పర్లేదు, అంత నొప్పేం ఉండదు."

నర్సమ్మాయి ఆమె వంక ఎగాదిగా చూసి, కింద కూర్చుని కాలి కట్టు విప్పింది. బొటనవేలు నల్లబడి ఉంది.

"రోజూ చూశాను పిన్నీ, ఫోన్ చేసి మరీ చెప్పాను. నీకు కాదు, ఆయనకి చెప్పాను" అని ఏడ్చింది.

ఆ వేలు తీసేశారు. పాదం దక్కుతుందో లేదో చూడాలన్నారు. మొగుడికీ పెళ్ళానికీ పక్కపక్క మంచాలే ఇచ్చారు. నర్సమ్మాయి పలకలాంటి కంప్యూటర్ తెచ్చి వీడి ముందు పెట్టింది.

"బాబాయ్, ఈ నంబర్లు పిన్ని పేరు మీదికి మార్చాలి. ఎక్కణ్ణుంచి ఆవిడవో నువ్వే చెప్పాలి, కంప్యూటర్‌కి తెలీదు. షుగర్ ఎన్నాళ్ళుగా ఉందో తెలిస్తేనే ఆ కాలికి ఏం చెయ్యాలో డాక్టరు చెప్పగలరు."

"ఈమధ్యనేనమ్మా. మొన్నమొన్నట్నుంచే" అన్నాడు నేల చూపులు చూస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒరేయ్! దాని వేలు కోసి పారేశారు, ఇంకా పరువేంట్రా నీకు? కాలు పోయాక చెబుతావా?" అన్నాను. వార్డంతా ఇటు తిరిగింది. తిరగనీ.

వాడు వేలు ఆ గీత మీద పెట్టాడు. వెనక్కి జరిపాడు. ఇంకా జరిపాడు. గీత చదునుగా ఉన్న చోటికి వచ్చినా ఆపలేదు.

"ఇదంతానా? మీటింగులో చూపించింది కూడా పిన్నిదేనా?" అంది నర్సమ్మాయి.

వాడు తలూపాడు.

మరదలు పక్క మంచం మీంచి ఆ గీత వంక చాలాసేపు చూసింది. "అయితే అప్పుడు నాకు బాగానే ఉండిందన్నమాట" అంది. వాడు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

దేవుడి దయ, పాదం దక్కింది. ఇప్పుడు ఇంట్లో మెషిన్లు రెండు. వాడు గుచ్చుతానని వస్తే మరదలు చెయ్యివ్వదు, తనే గుచ్చుకుంటుంది. నర్సమ్మాయి ఫోన్ చేస్తే తనే మాట్లాడుతుంది. వాడికి ఆమెని నంబరెంతని అడిగే మొహం లేదు. పొద్దున్నే గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నట్టు నిలబడతాడు. ఆమె ఫోన్లో నంబరు చెప్పడం చెవిన పడ్డాక గానీ గడప దాటడు.