నాయన సమాధి చుట్టూ గీసిన సున్నం

“మా నాయన్ని తవ్విస్తా ఉండేవాడివి, నా చేతి కూడు ఎట్లా తింటావు మామా?”

“సాయంత్రం వచ్చి చెప్తాలే.”

మా ఆయనకూ నాకూ నడుమ ఆఖరి మాటలు అవే. ఇవే ముందు రాయమన్నాను మా తమ్ముడి కూతురితో. నాకు సంతకం పెట్టడం తప్ప రాత రాదు.

ఆయన నాకు మేనమామ. ఆయన్ని చదివించింది మా నాయనే. ఓవర్సీరుగా చేరి, ఊళ్ళు తిరిగి, విమానాలు దిగే చోట్లకు ప్లాను గీసే పెద్ద ఆఫీసరై రేణిగుంటకు వచ్చాడు. మా పెళ్ళిలో హోమం పొగ ఎటు పోతోందో చూసి, విమానం ఇట్లా ఎదురుగాలికి దిగాలని నాకు చెప్పిన మనిషి.

రన్‌వే పొడుగు చేయాలని ఆయనే గీసిన ప్లానులో మా నాయన శెనక్కాయల చేను పోయింది. ఆ చేని గట్టునే నాయన్ని పూడ్చాం. మాలో పెద్దల్ని సొంత చేలోనే పెడతారు. సమాధిని కదిలించనని ఆయన నాకు మాటిచ్చాడు.

నాయన సంవత్సరీకానికి కూడు పెట్టడానికి పోయాను. అప్పటికే సున్నం గీత పడిన చోటల్లా తవ్వేశారు. మా బావి మీదుగా కూడా ముందు సున్నం గీతే పడింది, తర్వాత పూడ్చేశారు. ఇప్పుడు సమాధి చుట్టూ సున్నం. తెచ్చిన కూడు అక్కడే పెట్టి, ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. ఆయన్ని ఏమీ అడగలేదు. తెల్లారి ఆయన ముద్ద కలుపుకుంటూ ఉండగా ఆ మాట అన్నాను. ఆయన ముద్ద వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని జీపులో తెచ్చారు. రన్‌వే మీదనే గుండె ఆగిందన్నారు.

పదకొండో రోజు రన్‌వే పని మేస్త్రీ వచ్చాడు. గడపలోనే నిలబడి చెప్పాడు.

“గీత సక్కగా ఉంటే తవ్వండి, గుండ్రంగా ఉంటే ముట్టుకోవద్దండి అన్న్యాడమ్మా సారు. సమాధికాడ తానే నిలబడి సున్నం పోయించినాడు.”

“అయితే ఉండాదా?” అని అడిగాను.

మేస్త్రీ తల వంచుకున్నాడు. “కొత్త సారు కాగితం యాడుంది అన్న్యాడమ్మా. మాకుండేది నోటిమాటే గదా. మొన్ననే చదును చేసేసినారు.”

సాయంత్రం వచ్చి ఆయన చెప్పాలనుకున్నది ఆ గుండ్రటి గీత మాటే. ఆయన బతికుంటే నాయన అక్కడే ఉండేవాడు. ఆ పొద్దు ఆయన్ని తిననిస్తే ఏమయ్యేదో నాకు తెలియదు. ఇద్దరినీ నేనే పోగొట్టుకున్నానని మాత్రం ఏ దేవుడి ముందైనా చెప్తాను. ఇప్పటికీ విమానం దిగే చప్పుడు వింటే నాయన గుండెల మీద దిగినట్టే ఉంటుంది. రేణిగుంట వదిలి పాకాలకు వచ్చేసినా ఆ చప్పుడు చెవిలోనే ఉంది.

అమ్మీ, నేనన్న మాటను మెత్తగా మార్చి రాసినావేమో. అట్లా వద్దు. నేను ఎట్లంటినో అట్లే ఉండాల. ఏదీ, మొదట్నుంచి సదువు, ఇంటాను.