గురిబొడిపె మీది సున్నం

దేవరకొండ అవతల పొద్దుగూకే వేళ ఎవరైనా తుపాకిని తిడుతూ కనబడితే, అతడు ఐలేశమే. గొట్టంలో మందు కూరుతూ మందును తిడతాడు. గొట్టం కొసనున్న గురిబొడిపె మసకలో తెల్లగా కనబడాలని సున్నం పూస్తూ, ఆ సున్నాన్నీ తిడతాడు. యాభై దాటాక చూపు ఆనక, ఏటేటా ఒక పూత పెంచుతూ వచ్చాడు. పల్లిచేను మీద అడవిపందులు పడ్డ ఆ వారం మూడు గుండ్లు కాలిస్తే, మూడూ పందికి ముందే నేలలో దిగబడ్డాయి. సగం చేను పోయింది.

"దొంగమందు! అమ్మినోని చేతులిరగ!" అని అతను అరుస్తుంటే, భార్య గుర్వమ్మ ఖాళీ తుపాకి అందుకుని బొడిపెను గోటితో గీకింది. శనగగింజంత సున్నప్పెచ్చు రాలింది.

"గింత ఎత్తు లేపినవు. దీని కొసకు గురి కుదరాల్నంటే గొట్టం కిందికి వంచవడితివి. మందేం జేస్తదయ్యా?"

"నోర్ముయ్! నాకెర్కలేదానే?"

తుపాకి లాక్కుని, నింపి, కన్ను ఆనించాడు. బొడిపె ఎక్కడుందో కనబడలేదు. చేనులో పందులు గుర్రుమన్నాయి. ఐలేశం పళ్ళు కొరికి తుపాకిని ఆమె భుజానికి ఆనించాడు.

"నువ్వే కొట్టు మరి!"

గుర్వమ్మ నింపాదిగా చూసి కాల్చింది. పెద్ద పంది కూలబడింది.

"గింతసేపానే గురి పెట్టేది?" అని ఐలేశం విరుచుకుపడ్డాడు.