వెనక మెట్టు మీద ఇద్దరు

పాపాయమ్మ తనకో టిక్కెట్టు కొనేది, చేపల గంపకి ఇంకో టిక్కెట్టు కొనేది. కూర్చునే హక్కు మాత్రం ఆ రెండింటిలోనూ ఉండేది కాదు. పరవాడ వెళ్లే ఆ ప్రైవేటు బస్సులో కండక్టరు శ్రీరామ్మూర్తి "ఎనక్కి, ఎనక్కి" అనగానే, వెనక మెట్టు మీద కమ్మీ పట్టుకుని నిలబడిపోయేది.

భర్త గంగరాజు చెయ్యి బోటులో వల లాగే యంత్రంలో నలిగిపోయాక ఇల్లు ఆవిడ గంప మీదే నడిచింది. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటకి నిలబడాలి. కానాగంత చేపలో, దొరికితే ఖరీదైన వంజరం చేపో ఐసులో వేసుకుని, ఎండ ముదిరేలోగా పరవాడ వీధుల్లో అమ్ముకోవాలి. ఆ బస్సు తప్పితే చేపా పోతుంది, పెట్టుబడీ పోతుంది. అందుకే రోజూ ఆ మెట్టే ఎక్కేది. బస్సులో ముక్కు మూసుకునేవాళ్లలో సగంమంది ఆదివారం ఆవిడ దగ్గరే బేరమాడేవారు. శ్రీరామ్మూర్తి అయితే తలకాయ ముక్క ఊరికే వెయ్యమనేవాడు. ఆదివారం పులుసులో తెలియని కంపు సోమవారం బస్సులో తెలిసేది.

అందరికంటే గట్టిగా ముక్కు మూసుకున్న మనిషి కాంతం, గాజువాకలో ఎక్కేది. పరవాడ దగ్గరి వాళ్ల పొలం ఫ్యాక్టరీలకి పోయింది. అభివృద్ధికి దయ ఎక్కువ కదా, ఆ పొలంలోనే లేచిన మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగే కాంట్రాక్టు పని ఇచ్చింది. నెల తిరక్కుండానే ఆ మందు వాసన కాంతం చీరలోకి, జుట్టులోకి దిగిపోయింది. ఎంత సబ్బు రుద్దినా పోలేదు. ఒకరోజు పక్కసీటు పెద్దమనిషి లేచి గోల చేశాడు. శ్రీరామ్మూర్తి న్యాయం ఎవరికైనా ఒక్కటే.

"ఎనక్కి, ఎనక్కి."

మెట్టు మీదికొచ్చిన కాంతాన్ని చూసి పాపాయమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో! ఏటే ఈ కంపు? నా సేపలు సచ్చిపోతాయే!"

"సచ్చినవే కదప్పా," అంది కాంతం ఏడుపు ముఖంతోనే.

ఇద్దరికీ నవ్వొచ్చింది. అప్పట్నించి ఆ ఇరుకు మెట్టు మీద ఒకరి నడుం ఒకరు పట్టుకుని నిలబడేవారు. పాపాయమ్మ గంగరాజు చెయ్యి సంగతి చెప్పేది. కాంతం తమ పొలంలో పొగగొట్టం లేచిన చోటు చూపించేది. సీటులో కూర్చున్నన్నాళ్లూ కాంతాన్ని పేరైనా అడిగినవాళ్లు లేరు.

ఒకనాడు గంపలోని ఐసు నీళ్లు ఒకాయన బూటు మీద పడ్డాయి. బస్సు ఆపించి గంపని రోడ్డు మీద దించేశారు, వెనకే పాపాయమ్మనీ.

"బాబూ, సేపలు పాడైపోతాయి బాబూ!"

ఎవరూ తల తిప్పలేదు. కాంతం దిగిపోయింది.

"నీకేటే పిచ్చా? పూట కూలి పోద్ది, ఎక్కు!"

"పోనీ అప్పా. నానెక్కితే నువ్వొక్కదానివే అయిపోతావు గదా."

బస్సు వెళ్లిపోయింది. లోపల గాలి బాగుపడిందని ఎవరో అనే ఉంటారు. ఇద్దరూ గంపని చెరోవైపు పట్టుకుని నడిచారు. పరవాడ చేరేసరికి సగం చేప మెత్తబడింది. ఆలస్యమైందని కాంతాన్ని గేటు దగ్గరే ఆపేశారు. రైతింటి ఆడపడుచు ఆ పూట పాపాయమ్మ పక్కన చేరి, మిగిలిన చేప కోసం వీధివీధినా "సేపలో, సేపలు!" అని కేకేసింది.

మర్నాడు మళ్లీ ఆ మెట్టే ఎక్కారు. వేరే బస్సు లేదు మరి.

చదివేవారికి మనవి. మీ బస్సులోనూ వెనక మెట్టు మీద ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. వాళ్ల మీద జాలి పడకండి, అది చవక కాబట్టే అందరం పడుతున్నాం. "ఆవిడా టిక్కెట్టు కొంది, కూర్చోనివ్వండి" అని బస్సంతా వినబడేలా అనండి. దించేస్తుంటే మీరూ లేచి అడ్డం నిలబడండి.