టెస్టింగు గది గుమ్మంలో తవిటయ్య మావ

దెయ్యాలనీ, గాలి సోకిందనీ ఎవరైనా చెబితే నేను నవ్వేసేదాన్ని. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా తాయెత్తు కట్టించే మా అత్తగారితో నాకు ఆ విషయంలోనే పేచీ. ఇప్పటికీ నా నమ్మకం మారలేదు. పైగా నాకు కనబడిన మనిషి అప్పటికి బతికే ఉన్నాడు. దీన్ని ఏమనాలో తెలియకే ఇన్నాళ్లూ ఆయన ఇంట్లోవాళ్లకి తప్ప బయట చెప్పలేదు.

పలాస నుంచి టెక్కలి వెళ్లే దారిలో ఒక షెడ్డులో పని చేస్తాను. బ్యాటరీ ఆటోలకు మోటార్లు తయారుచేస్తాం. నాది రోటరు పని. రోటరు అంటే మోటారు లోపల తిరిగే ఇనుప దిమ్మ. దాని చుట్టూ ఉన్న గాడుల్లో గమ్ము రాసి అయస్కాంతం ముక్కలు కూర్చోబెట్టాలి. అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, తోసుకుంటాయి. ఏమరితే వేలు మధ్యలో పడి నలిగిపోతుంది. పైన టేపు బిగించి చుట్టాక, ఓవెన్‌లో పెట్టి గమ్మును గట్టిపడనిస్తాం. ఆ తర్వాత టెస్టింగు గదిలో, ఆటోలో తిరిగేదానికంటే ఎక్కువ వేగంతో తిప్పి చూస్తాం. లోపల గమ్ము పచ్చిగా ఉండిపోతే ఆ వేగానికి టేపు తెగి ముక్కలు ఎగురుతాయి.

ఈ పని నాకు నేర్పింది తవిటయ్య మావ. చుట్టం కాదు, మా పక్క ఊరాయన. వరసలు కలుపుకోవడం మా వైపు మామూలే. టెస్టింగు గది ఆయనదే. అక్కడ రోటరు తిప్పి చూసేటప్పుడు మాత్రం నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు, దూరం నుంచే చూడమనేవాడు.

మా ఉద్దానంలో చాలామందికి వచ్చిన జబ్బే ఆయనకీ వచ్చింది. ముందు కాళ్లు వాచాయి. తర్వాత అన్నం సయించలేదు. పరీక్షలు చేస్తే కిడ్నీలు పోయాయన్నారు. పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మొదలయ్యాక పని మానేశాడు. ఆయన చోటులోకి నన్ను మార్చారు.

ఆ రోజు పొద్దున కరెంటు పోయి వచ్చింది. ఓవెన్ మీద దీపం మళ్లీ వెలిగింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. భోజనాలయ్యాక అందులోంచి తీసిన రోటరొకటి టెస్టింగు గదికి తెచ్చి బిగించాను. రేకు మూత దించి మిషను ఆన్ చేసి, పక్కన నిలబడి మీటరు చూస్తున్నాను. వేగం పెరుగుతోంది.

గుమ్మం వైపు నుంచి మాట వినబడింది.

"పాపా, గమ్ము ఆరనేదు. బయటకొచ్చీ."

తల తిప్పితే తవిటయ్య మావ. ఆకుపచ్చ గళ్ల లుంగీ, భుజం మీద తువ్వాలు, ఎడమ చేతికి డయాలసిస్ సూది మీద అంటించే తెల్ల ప్లాస్టరు. మొహం ఉబ్బి ఉంది. నాకు భయమేమీ వేయలేదు. ఈ ఒంటితో ఇంత దూరం ఎందుకొచ్చాడా అనిపించిందంతే. ఆ మాటే అడుగుతూ గుమ్మం వైపు నడిచాను.

వెనకాల పేలినట్టు చప్పుడైంది. చెవులు గుయ్‌మన్నాయి. ఎవరో పరిగెత్తుకొచ్చి స్విచ్చి కట్టేశారు.

రేకు మూత చీలిపోయింది. నేను నిలబడ్డ చోటు వెనకే ఉన్న ఇనుప బీరువాకు అయస్కాంతం ముక్క ఒకటి అతుక్కుని ఉంది. సరిగ్గా నా గుండె ఎత్తులో. బీరువా తలుపు అక్కడ లోపలికి సొట్టపోయింది.

గుమ్మంలో ఎవరూ లేరు. బయటి మనుషులెవరూ లోపలికి రాలేదని వాచ్‌మన్ చెప్పాడు. సూపర్‌వైజరు రోటరు విప్పి చూస్తే లోపల గమ్ము వేలికి అంటుకుంది. కరెంటు పోయినప్పుడు ఆగిన హీటరు మళ్లీ అందుకోలేదని, దీపం ఒక్కటే వెలిగిందని తర్వాత తేలింది.

ఇంటికి వెళ్లిపొమ్మంటే బయటికొచ్చి పలాస బస్సెక్కాను. కాళ్లు వాటంతటవే ఆసుపత్రి వైపు నడిచాయి.

మావకి అప్పుడే డయాలసిస్ అయింది. పక్కన ఆయన భార్య దమయంతి అత్త కూర్చుని ఉంది. నేను నోరు తెరవకముందే మావ కళ్లు తెరిచాడు.

"దెబ్బ తగల్నేదు కదా పాపా?"

"ఏం దెబ్బే?" అని అత్త నా వైపు చూసింది.

దుప్పటి కింద ఆకుపచ్చ గళ్ల లుంగీ. అది ముందురోజే మందసలో కొన్నానని, ఈ రోజే కట్టించానని అత్త చెప్పింది. ఆయన మంచం దిగనేలేదట. మధ్యాహ్నం నిద్రలో "బయటకొచ్చీ" అంటూ ఒక్కసారిగా లేవబోతే, సూది ఊడకుండా నర్సు చేయి పట్టుకుందట. ఎవరైనా ఫోన్ చేశారా అని అడిగాను. ఫోను అత్త దగ్గరే ఉంది. ఎవరూ చేయలేదు.

జరిగిందంతా చెప్పి, నువ్వు ఏం చూశావు మావా అని అడిగాను. పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

"నాకేటి తెల్దు. పచ్చి గమ్ము వాసనేసింది."

ఆ రోజు తర్వాత ఆయన కోలుకోలేదు. జీడితోటలు పూతకొచ్చే రోజుల్లో పోయాడు. మిగిలిన బలమంతా ఆ మధ్యాహ్నమే ఖర్చైపోయిందని, అత్త నోట ఈ సంగతి విన్న వాళ్ల ఊరివాళ్లు కొందరన్నారు. ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా నాకు అన్నం దిగదు.

ఎన్నోరకాలుగా ఆలోచించాను. పచ్చి గమ్ము వాసన నా ముక్కుకే తగిలిందేమో, దాంతో ఆయన గొంతు వినబడినట్టు అనిపించిందేమో అనుకున్నాను. కానీ నేనెప్పుడూ చూడని లుంగీ నాకెలా కనబడింది? దెబ్బ సంగతి ఆయనకెవరు చెప్పారు?

అప్పుడప్పుడు దమయంతి అత్తను చూడటానికి వెళ్తుంటాను. వెళ్లిన ప్రతిసారీ నీళ్ల గ్లాసు చేతికిచ్చి అదే అడుగుతుంది.

"మళ్లీ అగుపించాడేటే?"

లేదంటాను. ఆ గదిలో రోజూ పని చేస్తాను, గుమ్మం వైపు చూస్తూనే ఉంటాను, ఎప్పుడూ ఎవరూ ఉండరు.

మొన్న వెళ్లినప్పుడు అత్త నా పక్కన కూర్చుంది. నెమ్మదిగా అంది, "నాకోపాలి అగుపించినా బాగున్ను."

నాకెందుకు కనబడ్డాడో నాకు తెలియదు. ఆమెకెందుకు కనబడడో అంతకన్నా తెలియదు.