మడిచిన గొట్టం

"...గొట్టం మడిచి తువ్వాలు ముక్కతో కట్టింది మీరు కాదూ మరి?"

"కట్టింది నేనే. సీసా పట్టుకుని బాత్రూముకి వెళ్తుంటే ఆ నీళ్లు ఛాతీలోకి ఎక్కితే ఎవరిదే పూచీ?"

"మీ ఛాతీ చేపల చెరువనుకున్నారేంటండీ?"

ఏలూరు ఆసుపత్రిలో రెండు రోజులుగా మొగుడూ పెళ్లాలిద్దరికీ ఇదే మాట. అబ్రహాం ముప్పై ఏళ్లుగా కలిదిండి దగ్గర చేపల చెరువులు చూస్తున్నాడు. నీళ్లు తోడే గొట్టాన్ని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి మార్చేటప్పుడు, లోపలి నీళ్లు జారిపోకుండా కొస మడిచి గుడ్డతో కడతారు. ఆ పని అతని చేతులకి ఆలోచన లేకుండా వస్తుంది.

చుట్టలు కాల్చి కాల్చి అతని ఊపిరితిత్తులు చివికిపోయాయి. కుడివైపు బుడ్డలా ఉబ్బిన భాగాన్ని ఆపరేషన్ చేసి తీశారు. కుట్టిన చోట గాలి కారి ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. ఆ గాలి బయటికి పోవడానికి పక్కటెముకల మధ్య గొట్టం పెట్టి, రెండో కొసను సీసాలోని నీళ్లలో ఉంచారు. సీసాలో బుడగలు వస్తున్నంతకాలం చిల్లు మూతపడనట్టు. ఆపరేషనైన తొమ్మిదో రోజుకి అవి దగ్గినప్పుడు మాత్రమే వచ్చేవి. ఇంకో రెండు రోజుల్లో గొట్టం తీసేద్దామన్నారు.

పదో రోజు ఉదయం అతను గొట్టం మడిచాడు. దారి లేని గాలి ఛాతీలోనే నిండింది. బాత్రూము గుమ్మంలో కూలబడ్డాడు. మెడ ఉబ్బింది, వేలితో నొక్కితే చర్మం కింద చేరిన గాలి కరకరమంది. నర్సు స్నేహలత పరుగున వచ్చి కట్టు విప్పగానే సీసాలో నీళ్లు మరిగినట్టు బుడగలు లేచాయి. ఆ తర్వాత అవి ఆగలేదు.

పన్నెండో రోజు రౌండ్సుకి వచ్చిన డాక్టర్ ఫణికిరణ్ ఎక్స్‌రే చూపించాడు.

"ఊపిరితిత్తి మళ్లీ సగం ముడుచుకుందండీ. రెండో ఆపరేషన్ చేస్తే వెంటిలేటర్ మీంచి దిగుతారన్న నమ్మకం లేదు. మీ చేతి నుంచే రక్తం తీసి, ఈ గొట్టంలోంచి లోపలికి పోస్తే గడ్డకట్టి చిల్లు మూసుకోవచ్చు. మూసుకోకపోనూవచ్చు. చీము పట్టే భయం కూడా ఉంది."

"పోశాక గొట్టం మడుస్తారాండీ?"

"మడవం. గొట్టాన్ని సెలైన్ స్టాండు మీదుగా ఎత్తులో వేలాడదీస్తాం. రక్తం లోపల ఉండాలి, గాలి బయటికి పోవాలి."

"విన్నారా? మడవరంట," అంది అతని భార్య సరోజ.

"విన్నాలేవే."

అబ్రహాం స్టాండు వైపు చూసి, డాక్టర్ వైపు తిరిగాడు.

"రేపు రక్తం పోయండి. కుదరకపోతే గొట్టంతోనే ఇంటికి పోతాను. ఇంకో కోత నాకొద్దు. రెండో ఆపరేషన్‌కి ఈవిడ సంతకం పెట్టదండీ."