దూరాన్ని వినిపించిన మాస్టారు

రేడియో మాస్టారు పోయారు. ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ నుంచి ఆయన అల్లుడు ఫోను చేసి చెప్పాడు. ముందురోజు మామూలుగానే భోంచేసి పడుకున్నారట. నేను వెళ్లేసరికి దగ్గరి బంధువులు తప్ప ఎవరూ లేరు. సినిమా వాళ్లెవరూ రాలేదు. ఆయన మన మధ్య పనిచేశారన్న సంగతే చాలామందికి తెలియదు. నాకు రోజువారీ లెక్కలు రాయడమే అలవాటు. అయినా తెలిసినవాణ్ణి గనక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఫిల్మ్‌నగర్‌లో నేను పద్దులు చూసే డబ్బింగ్ థియేటర్‌కి, తొంభైల మొదట్లో, ఒక క్యాసెట్ల నిర్మాత ఆయన్ని తీసుకొచ్చాడు. మాస్టారు రేడియోలో నాటకాలు రాసి, ఆడించి రిటైరైన మనిషి. చంద్రుడి మీద ఇంకా ఎవరూ కాలు పెట్టని రోజుల్లో ఆయన ఒక నాటకం రాశారు. ఇద్దరు మనుషులు రాకెట్టులో వేరే గ్రహానికి వెళ్తారు. చివర్లో కెప్టెన్ ఒక్కడే దిగి, ఎక్కడో కనిపించే వెలుగు వైపు మాట్లాడుతూ నడిచిపోతాడు. లోపల కూర్చున్న రెండోవాడికి ఆ గొంతు వినిపించినంతసేపే నాటకం.

చిన్నప్పుడు అది విన్న నిర్మాత, ఇప్పటి పిల్లల కోసం క్యాసెట్ వెయ్యాలనుకున్నాడు. అసలు టేపు లేదు. దాని మీద తర్వాతెప్పుడో పంటల కార్యక్రమం రికార్డు చేసేశారట. కాగితాలు మాత్రం మాస్టారి దగ్గర మిగిలాయి. ఆ నాటకం మళ్లీ ఎవరి చెవినైనా పడాలంటే ఇదొక్కటే దారి. అందుకే మార్పులకు ఆయన పెద్దగా అడ్డు చెప్పలేదు. రాకెట్టులో మీటలున్నచోట కంప్యూటర్ వచ్చింది. బరువైన సంభాషణలు తేలికయ్యాయి. రాకెట్టు చప్పుడు కోసం ఆ రోజుల్లో ఆయన పంపు స్టవ్వు వెలిగించి మైకు పక్కన పెట్టేవారట.

“ఇప్పటి పిల్లలు టీవీలో నిజం రాకెట్లే చూస్తున్నారండీ. మీ స్టవ్వుకి భయపడతారా?” అన్నాడు నిర్మాత.

“అప్పుడు మాత్రం ఎవరు భయపడ్డారు బాబూ? మా ఆవిడొక్కతే. ఆ పూట వంటెలాగా అని.”

స్టవ్వు పోయి, ఆ చప్పుడుకి సంగీతం కీబోర్డు వచ్చింది. ఆయన అడిగింది ఒక్కటే. “యంత్రాలు మీ ఇష్టం. దూరం మాత్రం నాకు వదిలెయ్యండి.”

మా థియేటర్‌లో ఒక్కొక్కరూ విడివిడిగా వచ్చి డబ్బింగ్ చెప్పి వెళ్లేవాళ్లు. మాస్టారు మాత్రం అందర్నీ ఒకే మైకు చుట్టూ నిలబెట్టారు. రహస్యమైతే దగ్గరికి, కోపమైతే కాస్త వెనక్కి. కెప్టెన్ వెళ్లిపోయే చోట, ఆ పాత్ర చెప్పే కుర్రాడి మోచెయ్యి పట్టుకుని మైకు నుంచి వెనక్కి, వెనక్కి, గోడదాకా నడిపించారు. “వినేవాడు చెవి ముందుకు జరపాలి. జరిపాడంటే వాడూ మనతో బయల్దేరినట్టే,” అనేవారు.

ఆయన లోపల కుర్రాడితో నడుస్తుంటే, అద్దం వెనక మా సౌండ్ ఇంజినీరు శబ్దం పెంచే మీట మీద వేలు పెట్టి కూర్చున్నాడు. ఏళ్ల తరబడి సినిమా డైలాగులు రికార్డు చేసిన చెయ్యి అది. గొంతు తగ్గితే తప్పు. కుర్రాడు ఎంత వెనక్కి నడిచాడో, అతని వేలు మీటను అంత పైకి తోసింది. ఆ సంగతి అతనికీ తెలియలేదు, ఎవరికీ తెలియలేదు.

క్యాసెట్లు తయారై వచ్చాక అందరం కూర్చుని విన్నాం. కెప్టెన్ దిగాడు, నడిచాడు, వెలుగు దాకా వెళ్లాడు. గొంతు మాత్రం పక్కనే, గట్టిగా. మాస్టారు చివరిదాకా కదలకుండా విన్నారు.

“వాడింకా ఈ గదిలోనే ఉన్నాడయ్యా,” అన్నారు.

ఇంజినీరు మొహం మాడిపోయింది. “గొంతు కిందికి పోతుంటే చెయ్యి ఊకుంటదా మాస్టారూ? దానంతట అదే పైకి పోయింది.”

ఆయన నవ్వారు. “నీ చెయ్యి మంచిది నాయనా. మనిషిని పోనివ్వలేదు.”

మళ్లీ రికార్డు చేద్దామంటే నిర్మాత వినలేదు. “పిల్లలకి స్పష్టంగా వినబడితే చాలు కదండీ,” అన్నాడు. క్యాసెట్ కొన్నాళ్లు కొట్లలో ఉండి, కనిపించకుండా పోయింది. ఇప్పుడు దొరికినా నాకు వినాలని లేదు.

ఆ ఏడు వేసవిలోనే ఒక సాయంత్రం మా వీధంతా కరెంటు పోయింది. మాస్టారు ఊరికే చూసిపోదామని వచ్చారు. థియేటర్ ఎదురుగా బండల మీద కూర్చున్నాం. ఇంజినీరు నెమ్మదిగా అడిగాడు. “ఒక్కపారి మీరే చెప్పుండ్రి మాస్టారూ. ఎట్ల పోవాల్నో జర విందాం.”

ఆయన లేచారు. మా వైపే తిరిగి, కెప్టెన్ మాటలు మొదలుపెట్టి, జూబ్లీహిల్స్ దిక్కు నుంచి కిందికి దిగే ఆ వాలులో వెనక్కి నడవసాగారు. ఎదురొచ్చిన ఆటో పక్కకి తిప్పుకుని, “ఓ పెద్దాయనా, ముంగట జూసి నడు!” అని అరిచి పోయింది. ఆయన ఆగలేదు. గొంతు సన్నబడింది. ఇంజినీరు మెడ ముందుకు సాచాడు. నేనూ సాచాను. థియేటర్‌లో మైకు ఉంది, టేపు ఉంది, కరెంటు లేదు.

మలుపు దగ్గర ఆయన ఆగారు. సాయంత్రపు ఎండ ఆయన వెనకనుంచి పడుతోంది. తెల్లచొక్కా, గాలిలో కదిలే చెయ్యి కనిపిస్తున్నాయి. ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. మాకేమీ వినిపించడం లేదు. మేమిద్దరం కదలకుండా వింటూ కూర్చున్నాం.