నూట ఎనభై గ్రాములు

కుస్తీ హాల్లో పిల్లలు ఆమెను ఎదురుగా అక్కా అంటారు, వెనకాల తూకమ్మ అంటారు. వెనకాల అనేది ఆమెకు తెలియదని వాళ్ళ నమ్మకం. కుస్తీ నేర్పే మనిషికి వీపుకు కూడా చెవులుంటాయని ఆ వయసులో ఎవరికి తోస్తుంది? పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. కాటా ఎక్కి, అంకె చెప్పి, అది ఆమె నోటు పుస్తకంలో పడితే గాని ఏ పిల్లా మ్యాట్ మీద కాలు పెట్టడానికి వీల్లేదు. సోమవారం సోమవారం ఇరవై కిలోల ఇనుప బిళ్ళను కాటా మీద పెట్టి, అది నిజం చెబుతోందో లేదో కూడా చూసుకుంటుంది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పెళ్ళిచూపుల్లో తన జీతం అడగలేదు, బరువు అడిగిందని నలుగురిలో చెప్పి నవ్విస్తుంటాడు. అది అబద్ధం, కానీ నమ్మబుద్ధేస్తుంది.

ఆమె బతుకుతెరువు ఆసుపత్రి లాండ్రీలో. పగలంతా ఆవిర్లు కక్కే ఇస్త్రీ రోలరు ముందు నిలబడి దుప్పట్లు అందిస్తుంది. పొద్దున పనికి వెళ్ళే ముందు, సాయంత్రం దిగాక, ఆడపిల్లలకు కుస్తీ నేర్పుతుంది. ఎన్ని పట్లు నేర్పినా అన్నిటికంటే ముందు ఒక్క మాట చెబుతుంది. నీళ్ళు మానకూడదు, దుప్పట్లు కప్పుకుని చెమట తీయకూడదు. బరువు తగ్గాలంటే నెల ముందునుంచీ తిండి దగ్గర తగ్గాలి, తగ్గకపోతే ఆ పోటీ మనది కాదు. ఈ మాట మీద ఆమె రాయి. తల్లిదండ్రులు బతిమాలినా, క్లబ్బు కార్యదర్శి కసిరినా అంతే.

ఆ మాట ఊరికే రాలేదు. పందొమ్మిదేళ్ళప్పుడు ఒక పెద్ద పోటీ కోసం తూకమ్మ రెండు రోజుల్లో నాలుగు కిలోలు కరిగించింది. బాయిలర్ గదిలో మూడు దుప్పట్ల కింద కూర్చుంది. నోరు పిడచకట్టుకుపోతున్నా గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. బంగారు పతకం వచ్చింది. వచ్చిన మూడో రోజున మూత్రంలో నెత్తురు పడింది. మూడు వారాలు మంచం మీద ఉంది. ఇప్పుడు ఆమెకున్న రెండు కిడ్నీల్లో ఒకటి పేరుకే ఉంది. ఆ రోజు దుప్పట్లు కప్పినవారు ఆమె గురువుగారే. ఆయన మీద కోపం ఉండాలి కదా అని మనకనిపిస్తుంది. ఆమెకు లేదు. పట్టు నేర్పింది ఆయనే, తరవాత లాండ్రీలో పని ఇప్పించిందీ ఆయనే. ఆయన పేరెత్తితే ఇప్పటికీ కూర్చున్నచోటు నుంచి లేస్తుంది.

ఇవాళ జరుగుతున్న ఆడపిల్లల కుస్తీ పోటీలో తూకాల గదికి ఆ గురువుగారే పెద్ద. డాక్టరమ్మ కాటా మీద అంకె చదువుతుంది, ఆయన జాబితాలో రాస్తారు. పెద్ద పిల్లల తూకాలకు గడువు అరగంట, పొద్దున ఏడు నుంచి ఏడున్నర. ఆలోపు ఎన్నిసార్లయినా కాటా ఎక్కవచ్చు. ఏడున్నర దాటాక ఎవరు ఏడ్చినా లాభం లేదు.

తూకమ్మ నలుగురు పిల్లల్ని తీసుకొచ్చింది. వాళ్ళలో ఉడుం ఒకతే ఆమె ప్రాణం. ట్యాక్సీ డ్రైవరు కూతురు, పదిహేడేళ్ళది. కాలు దొరకబుచ్చుకుందంటే అవతలి పిల్ల చేప్పిల్లలా కొట్టుకోవాలే గాని వదలదు, అందుకే ఆ పేరు. ఈ పోటీలో ఫైనల్ చేరిన ఇద్దరికీ క్రీడా హాస్టల్లో చోటిస్తారు. తిండి, చదువు, రోజూ మంచి కోచ్‌లు. వచ్చే ఏడాదికి ఉడుం వయసు దాటిపోతుంది. కాబట్టి ఉన్నది ఈ ఒక్క రోజే. తెల్లారకముందే హాల్లో కాటా ఎక్కితే సరిగ్గా యాభైమూడు చూపించింది. ఆమె విభాగానికి హద్దు కూడా యాభైమూడే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

తూకాల గదిలో ముందు పెద్దపిల్లలిద్దరు ఎక్కారు. ఇద్దరూ తమ తమ హద్దుల్లోనే ఉన్నారు. కానీ మొదటి పిల్ల నోటు పుస్తకంలో ఉన్నదానికంటే నాలుగు వందల గ్రాములు ఎక్కువ తూగింది. బస్సులో ఏదో తిని ఉంటుందనుకుని తూకమ్మ కళ్ళెర్రజేసింది. రెండో పిల్ల కూడా సరిగ్గా నాలుగు వందలే ఎక్కువ తూగేసరికి ఆమె పుస్తకం తీసి రెండు అంకెలూ మళ్ళీ చూసుకుంది.

ఉడుం ఎక్కింది. డాక్టరమ్మ యాభైమూడు కిలోల నాలుగు వందలని చదివింది.

గోడ గడియారం ఏడూ అయిదు చూపిస్తోంది. ఇక్కడి కాటా తప్పేమోనని ఉడుం అంది. తప్పు ఎక్కడిదో తూకమ్మకు అప్పటికే తెలిసిపోయింది. మూడు వారాల కిందట తమ హాలు పైకప్పు ఒక మూల కురిసి, కాటా పెట్టే సిమెంటు నేల మీద నీళ్ళు నిలిచాయి. తడిస్తే పాడైపోతుందని ఆమే దాన్ని రెండు చేతులా ఎత్తి, మ్యాట్ అంచు మీద పెట్టింది. రబ్బరు మీద పెడితే కాటా కాళ్ళు దిగబడతాయి, బరువు తక్కువ చూపిస్తుంది. పిల్లలకు ఈ సంగతి వందసార్లు చెప్పిన మనిషి తానే మరిచిపోయింది. ఆ మూడు సోమవారాలూ లాండ్రీలో రెండేసి షిఫ్టులు పడ్డాయి, ఇనుప బిళ్ళ పెట్టి చూసుకోలేదు. కంచే చేను మేసిందంటే ఇదే.

ఉడుంను పక్కకు పిలిచి, తప్పు తనదేనని నాలుగు మాటల్లో చెప్పింది. ఉడుం తిట్టలేదు, ఏడవలేదు. జడ ముందుకు వేసుకుని, కోసెయ్యమంది. చేతికి కట్టే పట్టీల కోసం తెచ్చిన కత్తెరతో తూకమ్మ ఆ జడను మెడ దగ్గర కోసింది. ఒత్తుజుట్టు, మూడుసార్లు నొక్కితే గాని తెగలేదు. మళ్ళీ కాటా ఎక్కితే తొంభై గ్రాములు తగ్గింది. ఇంకా మూడు వందల పది ఉంది.

అప్పుడు తూకమ్మ ఎన్నడూ చెయ్యని పని చేసింది. తన స్వెట్టరు విప్పి ఉడుం స్వెట్టరు మీద తొడిగి, నడవలో పరుగెత్తమంది. పరుగెత్తడం నేరమేం కాదని, పది నిమిషాలకు ఎవరూ చచ్చిపోరని తనకు తాను సర్దిచెప్పుకుంది. తప్పు తనదైనప్పుడు నియమం కాస్త వంగితే ఏమైందని కూడా అనుకుంది. మనిషికి తన తప్పు కప్పిపుచ్చుకోవాల్సి వచ్చినప్పుడు ఎంత చక్కటి న్యాయాలు తోస్తాయో చూడండి.

ఉడుం నడవ ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తుతోంది. గోడకు చెయ్యి తాకించి తిరిగినప్పుడల్లా బూట్లు కీచుమంటున్నాయి. తూకమ్మ ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను పిల్ల మీద వేసి నిలబడింది. ఆరో చుట్టు దాకా ఉడుం మొహం ఎర్రగా ఉంది. తొమ్మిదో చుట్టుకి పాలిపోయింది. చెమట పట్టడం ఆగిపోయింది. ఉమ్మి కూడా బరువే కదా, ఉమ్మెయ్యమని తూకమ్మ గ్లాసు అందించింది. ఉడుం ప్రయత్నించింది. నోట్లోంచి ఏమీ రాలేదు.

"నీళ్ళెప్పుడు తాగావు?" అంది తూకమ్మ.

ఉడుం తల దించుకుంది. "నిన్న మధ్యాహ్నం అక్కా. హద్దు మీదే ఉన్నా కదా, భయమేసింది. మీకు చెబితే ఒప్పుకోరని..."

మళ్ళీ కాటా ఎక్కింది. నూట ఎనభై గ్రాములు ఎక్కువ. ఏడూ పంతొమ్మిది.

గురువుగారు కుర్చీలోంచి లేచి నడవలోకి వచ్చారు. జరిగింది ఆయన చూస్తూనే ఉన్నారు. ఆయన మొహంలో నిజంగా జాలి ఉంది, అదే తూకమ్మను ఎక్కువ భయపెట్టింది.

"కింద బాయిలర్ గది ఖాళీగానే ఉందమ్మాయ్," అన్నారు మెల్లగా. "దుప్పట్లున్నాయి. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టు. జాబితా మూసేది నేను కదా, నా గడియారం ఇవాళ కాస్త నెమ్మదిగా నడుస్తుందిలే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదంటే చేజేతులా పిల్ల బతుకులో ఉన్న ఒక్క తలుపూ మూసినట్టు. ఔనంటే ఆ గదిలో ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు, ఇన్నేళ్ళుగా ఒంట్లో మోస్తూనే ఉంది. పైగా అవతల పాతిక మంది పిల్లలు గడువులోపు తూగి వెళ్ళారు. వాళ్ళ ముందు ఈ నెమ్మది గడియారాన్ని ఏమనాలి? ఇన్ని తెలిసీ ఆమె కాలు మెట్ల వైపు ఒక అడుగు వేసింది. ఈ మాట దాచి ప్రయోజనం లేదు. వేసింది.

ఆ అడుగులోనే నడవ చివర చేతులు కడుక్కునే తొట్టి కనిపించింది. దాని దగ్గర నాలుగో పిల్ల, అందరిలోకీ చిన్నది, నిలబడి ఉంది. పన్నెండేళ్ళ దానికి తూకం మధ్యాహ్నం. దాని హద్దుకి ఇంకా కిలోన్నర ఖాళీ ఉంది. కడుపు నిండా తిని తాగి ఎక్కినా ఇబ్బంది లేదు. అయినా అది ఇటే చూస్తూ, సీసా వంచి, తాగాల్సిన నీళ్ళన్నీ తొట్టిలో పారబోస్తోంది. ఎందుకమ్మా అని ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరమూ లేదు. ఉడుం అక్క చేస్తోంది, తూకమ్మ చేయిస్తోంది. ఇంకేం కావాలి?

తూకమ్మ గబగబా వెళ్ళి సీసా లాక్కుని, నిండా పట్టి, చిన్నదాని చేత అక్కడే సగం తాగించింది. మిగతా సగం పట్టుకుని వెనక్కి వచ్చింది.

గురువుగారితో తన పిల్లను విరమింపజేస్తున్నానని చెప్పింది. ఆయన గదిలోకి వెళ్ళి జాబితా తెచ్చారు. తరవాత, అమ్మాయికి ఒంట్లో బాగోలేదని రాస్తానన్నారు, అలా రాస్తే ఎవరికీ మచ్చ రాదన్నారు. తూకమ్మ తల అడ్డంగా ఊపింది.

"కోచ్ తప్పు అని రాయండి గురువుగారూ. కాటా నేనే రబ్బరు మీద పెట్టాను, నేనే చూసుకోలేదు."

ఆయన కలం పట్టుకుని జాబితాలో కారణం రాసే గడి వైపు చూశారు. అలా కూడా రాయవచ్చని తనకెప్పుడూ తోచలేదన్నారు. ఆ మాట ఆమెతో అన్నారో, తనతో తాను అనుకున్నారో తెలియదు. రాయడం మాత్రం రాయలేదు, ఏడున్నర దాకా ఆగుతానన్నారు.

ఉడుం గోడకు చేరగిలబడి ఉంది. పెదవులు తెల్లగా పగిలిపోయాయి. తూకమ్మ సీసా ముందుకు చాపింది. అందుకోలేదు. ఆ సగం సీసా తాగితే ఇక ఏ కాటా ఎక్కినా వృథాయే అని ఇద్దరికీ తెలుసు.

"ఇంకా ఆరు నిమిషాలుంది," అంది ఉడుం. "ఆయన గడియారం ఆపుతానన్నారు కూడా. నేను కూర్చుంటాను, మీరు దుప్పటి కప్పక్కర్లేదు. నేనే కప్పుకుంటా."

"వద్దు."

"తప్పు చేసింది మీరు."

"నేనే."

"మరి దండన నాకా?" ఉడుం సీసాను పక్కకు నెట్టింది. "మీకు పతకం వచ్చింది. మీ ఇంట్లో గోడకుంది, చూశాను. అది వచ్చాక మీకు ఈ నీతులన్నీ తెలిశాయి. నాకు రాకముందే చెబుతున్నారు."

ఆ పిల్ల అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పతకం ముఖ్యం కాదని చెబుదామంటే తూకమ్మకు నోరు రాలేదు. ఆ రోజు అది మెడలో పడ్డప్పుడు ఎంత సంతోషపడిందో ఆమె మరిచిపోలేదు. ఆ మాట అబద్ధంగా చెబితే ఈ పిల్ల పసిగట్టేస్తుంది. ఉడుం ఎదురుగా చతికిలబడి కూర్చుంది. సీసా మూత తీసింది.

"ఆ రోజు బాయిలర్ గదిలోకి ఎవరైనా వచ్చి నాకు నీళ్ళిచ్చి ఉంటే," అంది, "వాళ్ళని చచ్చేదాకా క్షమించేదాన్ని కాదు. నువ్వు కూడా నన్ను క్షమించకు. తాగు."

ఉడుం ఆమె కళ్ళలోకి చూసింది. ఆ చూపులో ప్రేమ లేదు, గౌరవం కూడా లేదు. చెయ్యి చాపి సీసా తీసుకుంది. మొదటి గుక్క గొంతులో అడ్డం పడి దగ్గొచ్చింది. తరవాత ఆగకుండా, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, అడుగంటా తాగేసింది. తూకమ్మ మళ్ళీ పట్టుకురావడానికి ఖాళీ సీసా తీసుకుని లేచింది.